నేరపటం మీద ఎవరి అడుగులు?

పరిశోధనలో చేరిన రెండో ఏడాది నేను మొట్టమొదటి నేరపటం గీశాను. ఉప్పల్, నాచారం పోలీస్‌స్టేషన్ల పరిధి దాని సరిహద్దు. ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లోగా వెబ్‌సైట్‌లో ఉంచాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత నాలాంటివారికి ముడిసరుకు కరువు తీరింది. ఒక్కొక్క ఎఫ్ఐఆర్‌లో ఘటనాస్థలం రాసిన గడిని చదవడం, దాన్ని పటం మీద ఎర్రచుక్కగా మార్చడం నా పని. నెలల తరబడి అలా చుక్కలు పెట్టుకుంటూ పోగా, అవి నాచారం పారిశ్రామికవాడ వెనుక ఉన్న ఒక బస్తీ మీద చీమల్లా మూగాయి. సెమినార్‌లో ఆ పటాన్ని తెర మీద చూపించినప్పుడు ఒక పెద్దమనిషి మెచ్చుకుని, చాలా మామూలుగా అడిగాడు: "అక్కడ ఉండేది ఏ కమ్యూనిటీ?"

జవాబు నాకు తెలుసు. చెప్పలేదు. ఆ బస్తీలో వడ్డెరలు, ఎరుకలలు ఎక్కువ. నేను ఎరుకల ఇంట్లో పుట్టినవాణ్ణి. మా తాత పుట్టింది బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం సెటిల్మెంటులో.

ఈ ప్రశ్నకు వయసు ఎక్కువ. నేర జాతుల చట్టం 1871లో వచ్చింది, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ విస్తరించింది. అంతకుముందే, 1892లో, మలాలీ అనే పోలీసు అధికారి మద్రాసు రాష్ట్రంలోని 'నేరవర్గాల' మీద పుస్తకం రాశాడు. అందులో ఏ కులం ఎలా కన్నం వేస్తుందో వర్ణనలున్నాయి. ఎడ్గార్ థర్‌స్టన్ మనుషుల ముక్కులూ తలలూ కొలవడమే కాదు, ఆ కొలత విద్యను పోలీసులకు బోధించాడు కూడా. ఎరుకలలు ఎందుకు దారితప్పారో తెలుసుకోవాలంటే మీనా రాధాకృష్ణ పరిశోధన చదవాలి. గాడిదల మీదా ఎడ్ల మీదా ఉప్పూ ధాన్యమూ మోసి ఊళ్ళకు అమ్మిన సంచార వర్తకులు వారు. రైలు వచ్చింది, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, బతుకు తెగింది. బతుకు తెంచినవారే తరువాత వారిని పుట్టు దొంగలన్నారు. సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్మెంటులో హాజరు పలకడం, సెలవు చీటీ లేకుండా పొలిమేర దాటకపోవడం మా తాత బాల్యం. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. దాని స్థానంలో అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలు వచ్చాయి. కులం పేరు పోయి 'అలవాటు' మిగిలింది. తెలుగులో తిట్టుగా వాడే 'కేడీ' అన్న మాట కూడా పోలీసు రిజిస్టరులోని రెండు ఇంగ్లీషు పొడి అక్షరాలే.

నేను అద్దెకుండేది ఉప్పల్‌లో. ఇల్లు వెదికేటప్పుడు కులమేమిటని ఎవరూ నేరుగా అడగలేదు, "మీరెవరండీ?" అన్నారు. నాలుగో ఇంట్లో అబద్ధం చెప్పాను. నేరాన్ని చదవాలనుకునేవాడికి ఇంతకన్నా తగిన పేట దేశంలో ఉండదేమో. నేరాన్ని రుజువు చేసే శాస్త్రమంతా కొద్ది కిలోమీటర్ల లోపలే ఉంది. లాల్జీ సింగ్ డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని తీర్చిదిద్దిన సీసీఎంబీ హబ్సిగూడ దారిలో ఉంది. ఆ విద్యకే అంకితమైన సీడీఎఫ్‌డీ ఉప్పల్‌లో, కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, డిటెక్టివ్ శిక్షణ సంస్థ రామంతాపూర్‌లో ఉన్నాయి. దేశానికి పటాలు గీసే సర్వే ఆఫ్ ఇండియా కూడా ఇక్కడే ఉంది. రోజూ దాన్ని దాటుకుంటూ నా చిన్న పటాన్ని సంచిలో పెట్టుకుని తిరిగేవాణ్ణి.

సెమినార్ తరువాత ఆ బస్తీకి వెళ్ళాను. అంతవరకూ వెళ్ళలేదని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. చేతిలో ప్రశ్నాపత్రం: పేరు, వయసు, కులం, కుటుంబంలో కేసులు. ఒక పెద్దావిడ గడపలో కూర్చుని అప్పడాలు ఆరబెడుతూ నా కాగితాన్ని తేరిపార చూసింది. "మొన్న పోలీసోళ్ళొచ్చి గివే అడిగి, ఇంటి ఫోటో కొట్టుకపోయిన్రు. ఇప్పుడు నువ్వొచ్చినవ్. ఇద్దరి కాగితాలు ఒక్క తీర్గనే ఉన్నయ్ బిడ్డా" అంది.

ఆమె 'మొన్న' అన్నది 2018 జనవరి 18. ఆ రోజు తెలంగాణ పోలీసులు రాష్ట్రమంతటా సకల నేరస్థుల సమగ్ర సర్వే చేశారు. గత పదేళ్ళలో నేరం మోపబడినవారి ఇళ్ళకు వెళ్ళి వివరాలూ ఫోటోలూ తీసుకుని, ఇంటిని జియో ట్యాగ్ చేశారు. ఆమె కొడుకు మీదున్న ఒకే ఒక్క కేసు అప్పటికే కొట్టేశారట. ఇల్లు మాత్రం పటంలోకి ఎక్కింది. కంపెనీలో రెండో షిఫ్టు ముగించుకుని రాత్రి పూట నడిచివచ్చే అతణ్ణి గస్తీవాళ్ళు ఆపి వేలిముద్రల యంత్రం మీద వేలు పెట్టిస్తారు. యంత్రం పాత కేసు చూపిస్తుంది. ఇంక తెల్లవారిదాకా స్టేషన్ బల్ల మీదే.

ఆ మాట విన్నాక పటాన్ని మళ్ళీ విప్పాను. ఈసారి చుక్కలను రెండు రంగులుగా విడదీశాను. బాధితుడు తనంతట తాను వచ్చి ఫిర్యాదు చేసినవి ఒక రంగు. పోలీసులే వెదికి పెట్టినవి, అంటే అనుమానాస్పదంగా తిరగడం, పేకాట, చిల్లర మత్తు కేసులు, హైదరాబాద్ నగర పోలీసు చట్టం (అది 1348 ఫసలీ నాటిది, నిజాం కాలపు చట్టం!) కింద పెట్టే చిన్న కేసులు ఇంకో రంగు. మొదటి రంగు అపార్టుమెంట్లకూ రింగ్‌రోడ్డుకూ మార్కెట్లకూ చెదిరిపోయింది. బస్తీ మీద మూగింది రెండోదే. నేను గీసింది నేరపటం కాదు, గస్తీపటం. ఎక్కడ జీపు ఆగిందో అక్కడ చుక్క పడింది. జీపు ఆగని చోట జరిగేది ఏ రంగులోనూ లేదు. కార్మికుల పీఎఫ్ ఎగవేతకూ, రాత్రివేళ నాలాలోకి వదిలే రసాయనానికీ, కులం తెలిసి అద్దెకివ్వని తలుపుకూ చుక్క పెట్టే పద్ధతి మా శాస్త్రంలో ఇంకా రాలేదు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. అమెరికాలోని ఓక్లాండ్ నగరపు మాదకద్రవ్యాల కేసులను ఒక 'ముందస్తు నేర అంచనా' పద్ధతికి అందిస్తే, అది నల్లవారి పేటలకే మళ్ళీ మళ్ళీ పోలీసులను పంపుతుందని క్రిస్టియన్ లమ్, విలియం ఐజాక్ 2016లో చూపించారు. ఆ మందు వాడకం నగరమంతటా దాదాపు సమానంగానే ఉందని వేరే లెక్కలు చెబుతున్నాయి. అంతకు చాలా ముందే, 1942లో, షికాగో పరిశోధకులు షా, మెక్కే ఇంకొక సంగతి తేల్చారు. పేదపేటల్లో జర్మన్లు పోయి పోలిష్‌వారు వచ్చినా, ఇటలీవారు వచ్చినా, బాలనేరాల రేటు ఆ పేటను వదలలేదు. పేట వీడిపోయిన జాతితో పాటు అది వెళ్ళనూ లేదు. అంటే నేరం రక్తంలో లేదు. మా తాత చదివి ఉంటే నవ్వేవాడు. ఆయన్ను పుట్టుకతో దొంగ అన్నప్పుడు ఈ పుస్తకం ఇంకా అచ్చు కాలేదు. అయితే షికాగో పాఠాన్ని మనం యథాతథంగా దించుకోలేం. అక్కడ కాస్త డబ్బు చేరితే పేట మారేవారు. ఇక్కడ డబ్బు చేరినా "మీరెవరండీ?" అడ్డుతగులుతుంది.

మరి కులం గడిని ఏం చేయాలి? 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైలు రిజిస్టర్ల నుంచి కులం గడిని తీసేయమంది. విముక్త జాతుల వారిని అకారణంగా అరెస్టు చేయరాదని పోలీసులకు చెప్పింది. అదే ఏడాది మే నెలలో అమానతుల్లా ఖాన్ కేసులో, అణగారిన వర్గాల అమాయకులను హిస్టరీ షీట్లలోకి యాంత్రికంగా ఎక్కించడాన్ని తప్పుపట్టింది. స్వాగతించాను. కానీ ఒక బెంగ ఉంది. దేశంలోని 4,78,600 మంది ఖైదీలలో 65.9 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలేనని 2021 ఫిబ్రవరిలో కేంద్రం రాజ్యసభకు చెప్పగలిగిందంటే, ఎక్కడో ఒక గడి నిండబట్టే కదా. గడి పోతే వివక్ష పోదు, వివక్షకు లెక్క పోతుంది. నా పట్టుదల ఒక్కటే: కులాన్ని అనుమానితుడి పక్కన కాదు, అనుమానించిన చర్య పక్కన రాయాలి. ఎవరిని ఆపారు, ఎన్నిసార్లు, ఏ ఆధారంతో, ఎంతసేపు, చివరికి కేసు నిలిచిందా లేదా. మనిషిని వర్ణించడానికి వాడితే ఆ గడి మలాలీ పుస్తకమవుతుంది. అధికారాన్ని కొలవడానికి వాడితే సాక్ష్యమవుతుంది.

తొందర ఎందుకంటే, 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం ప్రకారం సేకరించిన కొలతల రికార్డులు 75 ఏళ్ళు నిలుస్తాయి. థర్‌స్టన్ పరికరం తల చుట్టుకొలతతో ఆగింది. ఇప్పుడు కనుపాపా, జీవ నమూనా కూడా.

బస్తీ పేరు కనబడే పటాన్ని నేను ప్రచురించలేదు. పత్రం వెనక్కి వచ్చింది, స్థలవివరాలు చాలవన్నారు. ఫెలోషిప్ గడువు దగ్గరపడుతోంది. ఉద్యోగాల దరఖాస్తుల్లో అచ్చయిన వ్యాసాలనే లెక్కిస్తారు, అచ్చు వేయని పటాలకు మార్కులు లేవు. పాత ప్రశ్నాపత్రాన్ని పక్కన పెట్టి కొత్తది రాసుకుని మొన్న మళ్ళీ నాచారం వెళ్ళాను. అందులో 'కుటుంబంలో కేసులు' లేవు. ఎప్పుడు ఆపారు, ఏమడిగారు, ఎప్పుడు వదిలారు అన్నవే ఉన్నాయి. పెద్దావిడ గుర్తుపట్టింది. అన్నీ చదివి వినిపించమంది. విని, కాసేపు ఆగి అడిగింది: "ఆపినోళ్ళ కులం గూడ రాస్తవా బిడ్డా?"

ఆ గడిని చేర్చాను. విభాగం అనుమతి కోసం పంపి మూడు వారాలైంది.