బలద్ వీధుల్లో పరిమళాలు, మనస్సులో స్మృతులు

జిద్దా మహానగరానికి పాతబస్తీ బలద్. ఎర్రసముద్రపు పగడపురాళ్ళతో కట్టిన ఎత్తైన ఇళ్ళు, వాటి ముంగిట 'రోషన్' అని పిలిచే చెక్కడపు కొయ్య గవాక్షాలు, వాటి నీడన ఇరుకు సందులు - ఇదీ ఆ పేట స్వరూపం. 2014లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. ఎండ వేడిమి తగ్గిన తరువాత ఈ సందులలో నడిచేవారికి కంటికంటె ముందు ముక్కే దారి చూపుతుంది. ఒక మలుపులో ఏలకులు వేసి కాచిన అరబ్బు కాఫీ, ఇంకొక మలుపులో దాల్చిన, లవంగాల రాశులు, మరొకచోట నిప్పుకణికపై సన్నగా లేచే అగరు పొగ.

ఒక సెలవుదినపు సాయంకాలం ఒక తెలుగు కుటుంబం అక్కడి అత్తరు అంగడి ముందు ఆగిందనుకుందాం. తండ్రి చేయి గులాబీ అత్తరు మీదికి పోతుంది. ఆ వాసన ఆయనను, పెళ్ళిపందిట్లో పన్నీరుబుడ్డి పట్టుకొని అతిథులపై చిలకరించిన పిల్లవానిగా మార్చివేస్తుంది. తల్లి మల్లె అత్తరు మూత తీసి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటుంది. డాబా మీద నీళ్ళు చల్లి పక్కలు పరచిన వేసవి రాత్రి, అమ్మమ్మ కట్టిన మల్లెచెండు ఆమెకు గుర్తుకు వస్తాయి. జిద్దాలోనే పుట్టి పెరిగిన కుమార్తె మాత్రం ఆ రెండింటినీ పక్కనపెట్టి, నల్లని అగరు తైలాన్ని వాసన చూచి, "అమ్మా, ఇది ఈద్ పండుగ వాసన" అంటుంది.

అంగడి ఒక్కటే, కాని ముగ్గురి మనస్సులూ మూడు దారులు పట్టాయి. ఇంతకీ ఆ అనుభూతి సీసాలో ఉన్నదా, ముక్కులో ఉన్నదా, లేక మనస్సులోనే ఉన్నదా?

ముక్కు నుంచి మనస్సుకు

వాసన అంటే గాలిలో తేలివచ్చే అణువుల స్పర్శ. ముక్కు లోపల పైభాగాన ఉన్న పలుచని పొరలో లక్షలాది నాడీకణాలు ఆ అణువుల కోసం ఎదురుచూస్తుంటాయి. ఆ కణాలపై ఉండే గ్రాహకాలు మానవునిలో సుమారు 400 రకాలు. ఈ గ్రాహకాలను తయారుచేసే జన్యువుల కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు 1991లో కనుగొన్నారు. 2004లో వారికి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఒక్కొక్క అణువు కొన్ని గ్రాహకాలను తట్టిలేపుతుంది. ఏవి మేలుకొన్నాయి, ఎంత మేలుకొన్నాయి అనే కూర్పునే మెదడు వాసనగా గుర్తిస్తుంది. హార్మోనియం మెట్లు కొన్నే అయినా పాటలకు అంతులేనట్లే ఇదీను.

కూర్పుల లెక్క మన పూర్వులకు కొత్త కాదు. 6వ శతాబ్దిలో వరాహమిహిరుడు తన 'బృహత్సంహిత'లో 'గంధయుక్తి' పేరిట సుగంధాల తయారీకి ఒక అధ్యాయమే కేటాయించాడు. పదహారు ద్రవ్యాల నుంచి నాలుగేసి ఎన్నుకుంటే 1820 కూర్పులు వస్తాయని అందులో లెక్కగట్టాడు. నేటి విద్యార్థి బీజగణితంలో నేర్చుకునే సంయోగాల సూత్రానికి వచ్చే జవాబు కూడా సరిగ్గా అదే.

ఇక వాసన మెదడులో పట్టే దారి విలక్షణమైనది. చూపు, వినికిడి, స్పర్శ - ఇవన్నీ ముందుగా థాలమస్ అనే కూడలిని దాటి పైకి పోతాయి. వాసన ఆ కూడలిలో ఆగకుండానే, ఉద్వేగాలకు నెలవైన అమిగ్డాలాను చేరుకుంటుంది. జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోకాంపస్ దాని పొరుగునే ఉన్నది. అందువలననే వాసన తగలగానే ముందు మనస్సు కదులుతుంది. అదేమి వాసనో పేరు చెప్పడం తరువాతి మాట.

మనస్సు ప్రమేయం ఎంతటిదో 2001లో ప్రచురితమైన ఒక ప్రయోగం చెబుతుంది. ఒకే రసాయన మిశ్రమాన్ని ఒకసారి 'జున్ను' అనీ, మరొకసారి 'వాంతి' అనీ చెప్పి వాసన చూపించారు. జున్ను అన్నప్పుడు బాగుందన్నవారే వాంతి అన్నప్పుడు ముఖం చిట్లించారు.

గులాబీ, మల్లె

బలద్‌లో దొరికే మేలైన గులాబీ అత్తరు జిద్దాకు తూర్పున, సరావత్ పర్వతాలపై సుమారు 1800 మీటర్ల ఎత్తున ఉన్న తాయిఫ్ పట్టణానిది. వసంతకాలంలో తెల్లవారకమునుపే పూలు కోసి, రాగి పాత్రలలో నీటితో మరిగించి, ఆవిరిని చల్లార్చి తైలాన్ని వేరుచేస్తారు. ఆ తైలంలో డమాసెనోన్ అనే పదార్థం ఒక శాతానికి ఎంతో తక్కువ. అయినా గులాబీ గుబాళింపులో దానిదే పెద్ద పాలు. పరిమాణానికీ ప్రభావానికీ పొంతన లేకపోవడం వాసనల లోకంలో సామాన్యం.

మల్లెలో ఇండోల్ అనే అణువు ఉంటుంది. గాఢంగా ఉంటే అది కుళ్ళువాసనే. లేశమాత్రమైతే మల్లెకు ఆ మత్తును చేకూర్చేది అదే. తెలుగు గృహిణికి మరొక సంతోషవార్త. మల్లెను అరబ్బీలో 'ఫుల్' అంటారు. జిద్దాకు దక్షిణాన అదే ఎర్రసముద్ర తీరంలోని జాజాన్ ప్రాంతపు స్త్రీలు ఈ పూలను దండలు కట్టి తలలో ముడుచుకుంటారు. సముద్రం అవతలి అలవాటు అనుకున్నది ఇరుగుపొరుగు అలవాటే అన్నమాట!

నిప్పు మీద అగరు

కుమార్తె ఎన్నుకున్న 'ఊద్' కూడా ఆమె తల్లికి పరాయిది కాదు. అరబ్బీలో ఊద్ అంటే కొయ్య. ఆ కొయ్యనే మనం 'అగరు' అంటాం. నేటి అగరుబత్తిలో సాధారణంగా అగరు ఉండదు, పేరొక్కటే మిగిలింది. అస్సాంలోనూ ఆగ్నేయాసియా అడవులలోనూ పెరిగే ఆక్విలేరియా చెట్టుకు స్వతహాగా ఈ పరిమళం లేదు. దాని కొయ్య తెల్లగా, తేలికగా ఉంటుంది. కాండానికి గాయమై బూజు సోకినప్పుడు, ఆత్మరక్షణకై చెట్టు నల్లని జిగురును స్రవిస్తుంది. ఏళ్ళ తరబడి ఆ జిగురు పట్టిన కొయ్యే అగరు. ఈ అరుదైన గుణమే దానికి చేటు తెచ్చింది. విచ్చలవిడి నరికివేత కారణంగా ఆక్విలేరియా మలాక్సెన్సిస్ జాతి వ్యాపారాన్ని 1995లో సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందపు నియంత్రణలోకి తెచ్చారు.

647లో ఖలీఫా ఉస్మాన్ జిద్దాను మక్కాకు రేవుగా చేసిన నాటినుంచి, ఋతుపవనాల ఊపుతో వచ్చిన ఓడలు హిందూ మహాసముద్రపు సరకును ఇక్కడ దింపాయి. ఆ బంధానికి గుర్తుగా అత్తరు అంగళ్ళలో నేటికీ వినిపించే కొలత మన 'తోలా'యే!

దొరకని సీసా

తల్లి అడిగినా అంత సులభంగా దొరకని వాసన ఒకటున్నది - తొలకరి జల్లుకు లేచే మట్టివాసన. 1964లో బేర్, థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు దీనికి 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. నేలలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ ఇందులో ముఖ్యమైనది. లక్ష కోట్ల పాళ్ళలో కొద్ది పాళ్ళున్నా మనిషి ముక్కు దీనిని పసిగట్టగలదు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని నీటితో మరిగించి, ఆ ఆవిరిని చందన తైలంలో పట్టి 'మిట్టీ అత్తరు' చేయడం పాత విద్య. వాన అరుదైన జిద్దాలో ఉండేవారికి ఆ సీసా చేత చిక్కితే, అది మందు కాకపోయినా మందు వంటిదే.

కొనేవారికి ఒక మాట

అంగడిలో నాలుగైదు వాసనలు చూచేసరికి ముక్కు అలసిపోతుంది. కాఫీగింజలు వాసన చూస్తే తేరుకుంటుందని అంగడివారు అందిస్తుంటారు. మామూలు గాలి పీల్చుకోవడం కంటె అది మెరుగేమీ కాదని 2011లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. వీధిలోకి వచ్చి రెండు నిమిషాలు నిలబడితే చాలు. మణికట్టుపై రాసిన వెంటనే బేరమాడరాదు. నిమ్మజాతి తేలిక అణువులు ముందుగా ఎగిరిపోతాయి. పూల వాసనలు కొంతసేపు నిలుస్తాయి. చందనం, అగరు వంటి బరువైనవి గంటల తరబడి చర్మాన్ని అంటిపెట్టుకొని ఉంటాయి. మన వెంట ఇంటికి వచ్చేది ఆ చివరి వాసనే.

పిల్లలకు మిగిలేది

స్వీడన్‌లో వయోవృద్ధులపై జరిపి 2006లో ప్రచురించిన పరిశోధనలో ఒక విశేషం బయటపడింది. మాటలు, చిత్రాలు చూపినప్పుడు వారికి ఎక్కువగా పది దాటిన వయస్సునాటి జ్ఞాపకాలు వచ్చాయి. వాసన చూపినప్పుడు మాత్రం పదేళ్ళలోపు బాల్యమే ఎక్కువగా మేలుకొన్నది. అంటే మనిషికి వాసనల స్వదేశం నిర్ణయమయ్యేది పసితనంలోనే.

గల్ఫ్‌లోని తెలుగు తల్లిదండ్రులు ఆలోచించవలసినది ఇక్కడే. వారికి అక్కడి నివాసం ఉద్యోగం ఉన్నన్నాళ్ళు. పిల్లలకు మాత్రం అదే బాల్యం. రేపు ఆ కుమార్తె హైదరాబాదులోనో విశాఖలోనో స్థిరపడి, ఎవరింటనో అగరు పొగ సోకి ఉన్నట్టుండి కళ్ళు చెమర్చుకుంటే, ఆమె వెదుక్కునేది మల్లెల డాబాను కాదు. బలద్ సందులను, నాన్న చేయి పట్టుకొని నడిచిన సాయంకాలాన్ని. ఆ బెంగను పరాయిదని తోసిపుచ్చడం న్యాయం కాదు.

అట్లని తమ వాసనలను తమతోనే ముగించుకోనక్కరలేదు. వేసవి సెలవులకు స్వదేశం వచ్చేసరికి మల్లెల కాలం దాటిపోవచ్చు. తొలకరి మాత్రం దాటదు. మొదటి జల్లు పడినప్పుడు కిటికీలు మూయక, పిల్లలను వాకిట నిలబెట్టి "ఊపిరి పీల్చండి" అంటే చాలు. ఏ భాషా పాఠమూ అంత త్వరగా తలకెక్కదు, అంత కాలం నిలవదు. తిరిగి జిద్దా చేరిన తరువాత ఆ అత్తరు అంగడి ముందు, ఆ బిడ్డ చేయి ఒక సీసాకు బదులు రెండు సీసాల మీదికి పోతుంది.