ర్యాలీ సైకిలు పుట్టినరోజు

తెనాలిలో మా తాత ఇంటి వసారాలో, ధాన్యం బస్తాల వెనక, ఒక ర్యాలీ సైకిలు ఉండేది. ఇంగ్లీషు వాళ్లు ఆ పేరును ఎలా పలుకుతారో గానీ మన వైపు అది ర్యాలీయే. "స్వాతంత్ర్యం రాకముందే మా నాన్న మద్రాసు వెళ్లి కొనుక్కొచ్చాడు" అని మా పెద్దనాన్న వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. పోయిన వేసవిలో దాన్ని బయటికి లాగి, ఆ మాట ఎంతవరకు నిజమో ఆ ఇనుమునే అడుగుదామని కూర్చున్నాను.

సీటు గొట్టం దిగే చోట, ఫ్రేము గొట్టాలను కలిపే లగ్గు మీద నంబరు కొట్టి ఉంటుంది. మా సైకిలుకి అక్కడ నాలుగైదు పూతల రంగు పేరుకుపోయి ఉంది. గరుకు కాగితం పెట్టి రుద్దితే అంకెలే అరిగిపోతాయి కాబట్టి కిరసనాయిలు గుడ్డ, పాత పళ్ల బ్రష్షు పట్టుకుని ఓ పూటంతా తోమాను. తర్వాత సుద్దపొడి అద్ది పైపైన తుడిస్తే, పల్లంలో ఉన్న పొడి అంకెలుగా తెల్లగా నిలబడింది. ఒకటి మూడో ఎనిమిదో తేలలేదు. పల్చటి కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దితే మూడని తేలింది.

నంబరైతే దొరికింది గానీ దాంట్లో ఏడాది లేదు.

నంబరు వేసింది మనకు సైకిలు వయసు చెప్పడానికి కాదు, కార్ఖానా తన లెక్క చూసుకోవడానికి. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ర్యాలీ కంపెనీ 1880ల చివర్లో మొదలైంది. ఆ తర్వాత హంబర్, రడ్జ్, బీఎస్ఏ సైకిళ్ల పేర్లన్నీ ఒక్కొక్కటిగా దాని గూటికే చేరాయి. అన్ని పేర్లతో అన్ని లక్షల ఫ్రేములు తయారయ్యే చోట నంబర్ల వరసలు ఎన్నోసార్లు మారాయి. అందుకే పాత ర్యాలీ నంబరును ఒంటరిగా నమ్ముకున్నవాడు బోల్తా పడతాడు. 1973 నుంచి పద్ధతి కుదుటపడింది: మొదటి అక్షరం కార్ఖానాది, రెండోది నెలది, ఆ తర్వాతి అంకె ఏడాదిలో చివరిది. అక్కడా ఓ మెలిక ఉంది. ఆ అంకె 4 అయితే అది 1974 కావచ్చు, 1984 కావచ్చు. దశాబ్దం ఏదో రంగు, బొమ్మలు, బిగించిన సామాను చూసి మనమే తేల్చుకోవాలి.

అమెరికాలో ష్విన్ సైకిళ్ల వాళ్ల కథ ఇంకోలా ఉంటుంది. 1948లో జరిగిన అగ్నిప్రమాదంలో అంతకుముందు నంబర్ల రికార్డులు కాలిపోయాయి. అప్పటిదాకా షికాగోలో తయారైన సైకిళ్ల వయసు చెప్పాలంటే ఇప్పటికీ అంచనాయే దిక్కు. 1965 నుంచి వాళ్లు నంబరు ముందు రెండు అక్షరాలు పెట్టారు, ఒకటి నెలకు, ఒకటి ఏడాదికి. కానీ ఆ తేదీ నంబరు కొట్టిన రోజుది. అలా కొట్టిన ముక్క ఫ్రేముగా మారి, రంగేసుకుని, చక్రాలు తొడుక్కుని గేటు దాటేసరికి ఇంకొన్నాళ్లు పట్టొచ్చు.

మా ఊళ్లో సైకిలు షాపు పెద్దాయనకి ఈ గొడవంతా చెబితే నవ్వాడు. "ఫ్రేముని ఎందుకు బాబూ అడుగుతారు? హబ్బుని అడగండి" అన్నాడు.

వెనక చక్రం హబ్బు మీద జిడ్డు గీకితే స్టర్మీ-ఆర్చర్ అన్న పేరు బయటపడింది. ఈ మూడు స్పీడుల హబ్బు 1902లో పుట్టింది. ర్యాలీ యజమాని ఫ్రాంక్ బౌడెన్ దానికి డబ్బు పెట్టాడు, పేరు మాత్రం హెన్రీ స్టర్మీ, జేమ్స్ ఆర్చర్‌లకు దక్కింది. అసలు బుర్ర చాలావరకు విలియం రైలీదని చరిత్రకారులు అంటారు. ఆయన పేరు హబ్బు మీద ఎక్కడా లేదు. 1936లో వచ్చిన ఏడబ్ల్యూ రకం లోపల నడుమ కదలకుండా ఇరవై పళ్ల చక్రం, దాని చుట్టూ ఇరవై పళ్ల పిల్లచక్రాలు, వాటిని చుట్టి అరవై పళ్ల వలయం ఉంటాయి. ఇరవైని అరవైతో భాగిస్తే మూడో వంతు. అందుకే పై స్పీడులో చక్రం మూడో వంతు ఎక్కువ తిరుగుతుంది, కింది స్పీడులో నాలుగో వంతు తక్కువ. ఇంత చిన్న డబ్బాలో అంత లెక్క ఇమిడ్చిన బుర్రకి దండం పెట్టాలి.

మనకు కావలసింది మాత్రం దాని పైతొడుగు మీద ఉంది. ఏడబ్ల్యూ అక్షరాల పక్కన 52, దాని పక్కన 3. అంటే 1952 మార్చి. ఫ్రేము నంబరు చెప్పని సంగతిని హబ్బు ఏ చిక్కుముడీ లేకుండా చెప్పేసింది. హబ్బూ ఫ్రేమూ ఒకే కంపెనీ గూటివి కాబట్టి, చక్రం మార్చకపోతే రెంటి వయసూ అటూ ఇటూగా ఒకటే.

ఇంకో సాక్ష్యం సీటు గొట్టానికి తీగతో కట్టి ఉంది. సైకిలు పన్ను కట్టినందుకు ఆ రోజుల్లో ఇచ్చే రేకు బిళ్ళ అది. తుప్పు పోగా మిగిలిన అంకెలు 1956-57. ఆ ఏటికి సైకిలు మా ఇంట్లో ఉందన్నమాట. ఇటు హబ్బు, అటు బిళ్ళ, మధ్యలో నాలుగైదేళ్లు. ఇంతకంటే బిగించడం నా వల్ల కాదు.

సాయంత్రం కాఫీ దగ్గర పెద్దనాన్నకి ఇదంతా చెప్పాను. ఆయన తొందరపడలేదు. గ్లాసు కింద పెట్టి, "హబ్బు తర్వాత మార్పించి ఉంటాడురా. మా నాన్న ఒక్క చక్రాన్ని పదేళ్లు వాడే రకం కాదు" అన్నాడు.

ఆ అభ్యంతరాన్ని కొట్టిపారెయ్యలేకపోయాను. మళ్లీ వసారాలోకి వెళ్లి ముందు చక్రం చూశాను. అందులో దీపానికి కరెంటు ఇచ్చే డైనమో హబ్బు ఉంది, అదీ ఆ కంపెనీదే. గీకి చూస్తే దాని మీదా 52 ఉంది. పరుగున వచ్చి చెప్పాను.

"చూశావా మరి," అన్నాడు పెద్దనాన్న, "రెండు చక్రాలూ ఒకేసారి మార్పించాడు."