పడిశంతో మొదలయ్యే ఆయాసం

అమెరికాలోనూ ప్యూర్టోరికోలోనూ 1,201 మంది నల్లజాతి, లాటినో ఉబ్బస రోగులతో ‘ప్రిపేర్’ అనే అధ్యయనం సాగుతుండగా కోవిడ్ వచ్చిపడింది. అసలే ఊపిరితిత్తులు బలహీనం, ఇక వీళ్ల గతేమిటని అందరూ హడలిపోయారు. తీరా లెక్క చూస్తే, ఆయాసం ముదిరిన సందర్భాలు 40 శాతానికి పైగా తగ్గాయి! అంతకుముందు బయటికెళ్లి పనిచేసేవాళ్లలో ఈ తగ్గుదల మరీ ఎక్కువ. కారణాలు కొన్ని ఉండొచ్చు. మాస్కులూ మనుషుల మధ్య ఎడమూ జలుబు వైరస్‌లకు దారి మూసేయడం వాటిలో ముఖ్యమైనదని నా నమ్మకం.

ఎందుకంటే ఉబ్బసానికి జలుబును మించిన శత్రువు లేదు. రైనోవైరస్ శ్వాసనాళపు లోపొరలో ఒక కణంలోకి దూరగానే ఆ కణం ఇంటర్‌ఫెరాన్‌ను విడుదల చేసి ఇరుగుపొరుగు కణాలను హెచ్చరిస్తుంది. ఉబ్బస రోగుల నుంచి తీసిన కణాల్లో ఈ హెచ్చరిక బలహీనంగా ఉందనీ, వైరస్ ఎక్కువగా పెరిగిందనీ 2005లో వెలువడిన ఒక ప్రయోగం చూపింది. అప్పటికే వాచి ఉన్న నాళం ఇంకా వాస్తుంది, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, చిక్కటి కఫం అడ్డుపడుతుంది. ఇక పిల్లికూతలే.

ఇదంతా ఏ రంగువారికైనా ఒకటే. తేడా బతుకుల్లో ఉంది. 1930లలో ప్రభుత్వ పటాల మీద ఎర్రరంగు పూసి, అప్పులివ్వడం ప్రమాదమని ముద్రవేసిన పేటలను చూడండి. కాలిఫోర్నియాలో 8 నగరాల్లో పరిశీలిస్తే, ఉబ్బసంతో అత్యవసర విభాగాలకు పరుగెత్తేవాళ్లు మంచి ముద్ర పడిన పేటలకన్నా ఆ పేటల్లో 2.4 రెట్లు ఎక్కువ. జీతంతో కూడిన జబ్బు సెలవు ఇచ్చితీరాలన్న దేశవ్యాప్త చట్టం అమెరికాలో లేదు. జలుబు చేసినా పనికి వచ్చిన మనిషి పక్కనే ఉబ్బస రోగీ నిలబడాలి.

ఆయాసం రేపే మరో వైరస్ ఫ్లూ; దాని టీకాలోనూ తేడా ఉంది. 2021–22లో ఫ్లూ టీకా వేయించుకున్న పెద్దలు తెల్లవారిలో 54 శాతం, నల్లవారిలో 42, లాటినోల్లో 38. ఈ తేడాను అజ్ఞానమనడం అన్యాయం. టస్కేగీ పట్టణంలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ సోకిన నల్లవారికి మందివ్వకుండా చూస్తూ కూర్చున్నది ప్రభుత్వ వైద్యవ్యవస్థే. నమ్మకాన్ని తిరిగి సంపాదించుకోవలసిన పూచీ దానిదే.

ఉబ్బసం ఉన్నవారు ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలి. ముక్కులో కొట్టే రకం కాదు, సూదిమందే. న్యుమోనియా టీకా గురించీ డాక్టరును అడగాలి. రోజువారీ ఇన్‌హేలర్‌ను, ఆయాసం లేదు కదా అని మానకూడదు.

ప్రిపేర్‌లో పరీక్షించిన పద్ధతి మరీ సులువు. ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనమిచ్చే రిలీవర్ ఇన్‌హేలర్ ఒక పఫ్ పీల్చినప్పుడల్లా స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కూడా ఒక పఫ్ పీల్చాలి. వైరస్‌ను అది ఆపదు గానీ, వాపును మొదట్లోనే అణచివేస్తుంది. తీవ్రమైన ఉబ్బస దాడులు 15 శాతం తగ్గాయని 2022లో తేలింది. పెద్ద అంకె కాకపోవచ్చు. కానీ ఈ పద్ధతిని రూపొందించడంలో రోగులనూ కూర్చోబెట్టారు. ఒక్కసారి నేర్పి ఇంటికి పంపాక నెలనెలా ప్రశ్నపత్రాలు నింపించారే తప్ప, కూలి పోగొట్టుకుని మళ్లీ ఆసుపత్రికి రమ్మనలేదు.