విజయవాడ శివారులో ఇల్లు కొంటున్నారా? ఈసీ ఒక్కటే చూస్తే సరిపోదు.. నీళ్ల సంగతీ అడగండి!

పేపర్లన్నీ క్లియర్‌గా ఉన్నాయి, ఇక అడ్వాన్స్ ఇచ్చేయడమే అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. విజయవాడ చుట్టుపక్కల ఏ ఇంటికైనా రెండు చరిత్రలుంటాయి. ఒకటి అమ్మకాలది, రెండోది నీళ్లది. మొదటిది రికార్డుల్లో దొరుకుతుంది. రెండోది అడిగితేనే తెలుస్తుంది.

ఈసీ ఏం చెబుతుంది?

ఇల్లు ఎవరి నుంచి ఎవరికి చేతులు మారిందో చెప్పేది ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. అందరూ ఈసీ అంటారు. అమ్మకం, గిఫ్ట్, భాగ పంపకం, తనఖా.. రిజిస్టర్ అయినవన్నీ తేదీలతో సహా ఇందులో ఉంటాయి. 1983 నుంచి జరిగినవి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. అంతకుముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాల్సిందే.

డోర్ నంబర్‌తో పాటు సర్వే నంబర్‌తోనూ వెతకండి. ఎందుకంటే ఇప్పటి కాలనీల్లో చాలావరకు ఒకప్పటి పొలాలే. ఆ స్థలం 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో కూడా చూసుకోవాలి.

ఈసీలో కనిపించనివి ఇవే

రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, వీలునామాలు ఇందులో కనిపించవు. అందులోని ధర దస్తావేజులో రాసిన ధర మాత్రమే. చేతులు మారిన డబ్బు అంతే అనుకోవద్దు.

ఒరిజినల్స్ వరదలో తడిసిపోయాయని అమ్మేవాళ్లు చెబితే జాగ్రత్త. అది నిజమే కావచ్చు. సర్టిఫైడ్ కాపీలు కూడా దొరుకుతాయి. కానీ ఒరిజినల్స్ ఎక్కడైనా తాకట్టులో ఉన్నాయేమో వాకబు చేశాకే ముందుకెళ్లండి.

2024 సెప్టెంబర్ నేర్పిన పాఠం

బుడమేరును బెజవాడ దుఃఖదాయిని అంటారు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే ఈ వాగు 2005లోనూ నగరాన్ని ముంచింది. 2024 సెప్టెంబర్ 1న అయితే మళ్లింపు కాలువకు గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ నీట మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది.

మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు ప్రభుత్వం రూ.25 వేలు, పై అంతస్తుల వాళ్లకు రూ.10 వేలు ప్రకటించింది. ఫ్రిజ్, బీరువా, మంచాలు, బండి అన్నీ పోయిన కుటుంబానికి ఆ సాయం ఏ మూలకు?

హద్దుల్లోనే క్లూ

పాత లింక్ డాక్యుమెంట్లలో హద్దులు చదవండి. పంట బోదె, డొంక, చెరువు అని ఉండి, ఇప్పుడక్కడ గోడో రోడ్డో ఉంటే.. ఆ నీళ్లు ఎటు పోతున్నాయో అడగండి.

* పక్కింటివాళ్లనూ, కిరాణా కొట్టువాళ్లనూ నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో, ఎన్ని రోజులు నిలిచాయో అడగండి.
* ఇంటి ఫ్లోరింగ్ రోడ్డు కంటే ఎత్తులో ఉందో లేదో చూడండి.
* కింది గోడలకు మాత్రమే కొత్త రంగు వేసి ఉంటే కారణం అడగండి.
* వీలైతే గట్టి వాన పడిన మర్నాడు ఒకసారి వెళ్లి చూడండి.

ఖర్చు ఎంత?

రాష్ట్రంలో స్టాంప్ డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. అంటే రూ.60 లక్షల ఇంటికి రూ.4.5 లక్షలు. రిజిస్ట్రేషన్ అయ్యాక ఇల్లు నచ్చకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. అందుకే అడగాల్సినవన్నీ అడ్వాన్స్ ఇవ్వకముందే అడిగేయండి.