పరిశోధనరంగంలో వృత్తిసంబంధాలు: బలహీనబంధాల ప్రాధాన్యం

సారాంశం:
వృత్తిపరమైన పరిచయాలు అనగానే సిఫారసు, ముఖస్తుతి స్ఫురించడం పరిపాటి. అందువల్ల ఆత్మగౌరవం గల పరిశోధకులు వాటికి దూరంగా ఉంటారు. ఒక సామాజికశాస్త్ర సిద్ధాంతాన్నీ, తెలుగు భాషాచరిత్రలోని ఒక ఘట్టాన్నీ ఆధారం చేసుకొని, నిజమైన వృత్తిసంబంధం స్వరూపాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వృత్తిసంబంధాలు, బలహీనబంధాలు, వ్యావహారిక భాషోద్యమం, పరిశోధన.

1. సిద్ధాంత నేపథ్యం:
అమెరికన్ సామాజికశాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ‘బలహీనబంధాల బలం’ అనే భావనను ప్రతిపాదించారు. బోస్టన్ శివారులో కొత్తగా ఉద్యోగం మారిన వృత్తినిపుణులను ఆయన పరిశీలించారు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం పొందినవారిలో, ఆ పరిచయస్తులను తరచుగా కలిసేవారు 16.7 శాతం మాత్రమే. అప్పుడప్పుడు కలిసేవారు 55.6 శాతం, అరుదుగా కలిసేవారు 27.8 శాతం. ఈ లెక్క 54 మందికి సంబంధించినదే కనుక అంకెలకన్న వాటి వెనుక ఉన్న కారణం ముఖ్యం. ఆప్తులందరూ ఒకే వలయంలో ఉంటారు. వారికి తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. కొత్త సమాచారం మరొక వలయంతో స్వల్ప పరిచయం ఉన్నవారి ద్వారా వస్తుంది.

2. తెలుగు నిదర్శనం:
గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు విజయనగరంలో సహాధ్యాయులు. వారిది దృఢబంధం. ఉత్తర సర్కారుల పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్‌కు వాడుక తెలుగుకూ పాఠ్యపుస్తకాల తెలుగుకూ గల అంతరం ప్రశ్నగా తోచింది. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులు పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా ఆ ప్రశ్న ఈ మిత్రులను చేరింది. వ్యావహారిక భాషోద్యమ ఆరంభదశలో ఈ నలుగురి పేర్లూ కలిపి చెప్పుకోవడానికి కారణం ఇదే.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. అప్పటికే గిడుగు సవరభాషపై కృషి చేస్తున్నారు. గురజాడ ‘కన్యాశుల్కం’ తొలిరూపం 1897లోనే వెలువడింది. పరిచయం ప్రశ్నను చేరవేసింది. దానికి సమాధానం చెప్పగల అర్హతను వారి కృషి సమకూర్చింది.

3. అన్వయం:
సిఫారసు వ్యక్తిని ఆశ్రయిస్తుంది. వృత్తిసంబంధం విషయాన్ని ఆశ్రయిస్తుంది. ఈ భేదం తెలిస్తే ఆచరణ సులభం. సదస్సులో పత్రం సమర్పించి ధ్రువపత్రంతో వెనుదిరగడం కాక, ఇతరుల పత్రాలు విని ఒక్క నిర్దిష్టమైన ప్రశ్న అడగవచ్చు. ఒక ఆచార్యునికి లేఖ రాసేముందు ఆయన వ్యాసాలు చదవడం కనీస మర్యాద. తనకు దొరికిన అరుదైన ప్రతిని అదే అంశంపై పనిచేస్తున్న మరొకరికి తెలపడం, పొందిన సహాయాన్ని సిద్ధాంతగ్రంథంలో పేరుతో పేర్కొనడం, ఆ సహాయం ఎలా ఉపయోగపడిందో తిరిగి తెలియజేయడం నమ్మకాన్ని పెంచుతాయి.

అధ్యాపకుల బాధ్యత ఇంకా పెద్దది. మారుమూల కళాశాల నుంచి వచ్చిన మొదటితరం పరిశోధకునికి తన పర్యవేక్షకుని వలయమే లోకం. దానిని దాటించే వంతెన ఎవరో ఒకరు కావాలి.

4. ముగింపు:
పరిచయం ప్రతిభకు ప్రత్యామ్నాయం కాదు. కాని పరిచయం లేని ప్రతిభ తనకోసం వెదుకుతున్న ప్రశ్నను చేరలేకపోవచ్చు. తన శిష్యులను ఇతర విద్వాంసులకు పరిచయం చేయడం కూడా పర్యవేక్షణలో భాగమేనని గుర్తించినప్పుడు, ఈ అవకాశం కొందరికే పరిమితం కాకుండా ఉంటుంది.