ఉమ్మడి జట్టులో ఎవరి పిల్ల ఆడుతుంది?

అమీర్‌పేటలో బస్సెక్కితే పంజాగుట్ట, ఖైరతాబాద్, లక్డీకాపూల్ దాటాక లాల్ బహదూర్ స్టేడియం వస్తుంది. బుడ్డా అరుణారెడ్డి అక్కడే జిమ్నాస్టిక్స్ సాధన చేసింది. 2018లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ప్రపంచ కప్ పోటీలు జరిగాయి. అందులో ఆమె కంచు పతకం గెలిచింది. ప్రపంచ కప్ జిమ్నాస్టిక్స్‌లో మన దేశానికి అదే మొదటి పతకం.

జిమ్నాస్టిక్స్ అంటే ఏమిటి? సర్కస్‌లో పిల్లలు పల్టీలు కొట్టడం మీరు చూసే ఉంటారు. ఇదీ అట్లాంటిదే, కాని పోటీ. ఆడవాళ్లకు ఇందులో నాలుగు విద్యలు ఉంటాయి. పరుగెత్తుకొచ్చి బల్ల మీద చేతులు మోపి గాలిలో పల్టీ కొట్టాలి. దీన్ని వాల్ట్ అంటారు. ఎత్తూ పల్లంగా ఉన్న రెండు కడ్డీలు పట్టుకుని ఊగాలి. నాలుగు అంగుళాల వెడల్పున్న దూలం మీద గెంతాలి, తిరగాలి. చివరిది నేల మీద, సంగీతానికి తగ్గట్టు చేసే ఆట.

అరుణ గెలిచింది వాల్ట్‌లో. త్రిపుర అమ్మాయి దీపా కర్మాకర్ 2016 రియో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. అదీ వాల్ట్‌లోనే. మన అమ్మాయిలు ఒలింపిక్స్‌కు ఒక్కొక్కరుగా వెళ్లారు గాని, 2024 వరకు పూర్తి జట్టుగా ఎన్నడూ వెళ్లలేదు. జట్టంటే నాలుగు విద్యలూ వచ్చి ఉండాలి.

మరి ఇరుగు పొరుగు దేశాలు కలిసి ఒకే జట్టును పంపితే? ఒకరింట్లో పప్పుంది, ఇంకొకరింట్లో చింతపండుంది. కలిస్తే చారు అవుతుంది కదా!

ఇట్లా కలిసి ఆడిన సంగతి ఒకటుంది, అది క్రికెట్‌లో. 1996 జనవరి చివర శ్రీలంకలోని కొలంబోలో బాంబు పేలింది. ఎందరో చనిపోయారు. ఆస్ట్రేలియా, వెస్టిండీస్ జట్లు అక్కడికి రామన్నాయి. అప్పుడు భారత్, పాకిస్తాన్ ఆటగాళ్లు ఒకే జట్టుగా కొలంబో వెళ్లి శ్రీలంకతో ఆడారు. ఆ జట్టుకు కెప్టెన్ మన హైదరాబాద్ అజారుద్దీన్. పాకిస్తాన్ వసీం అక్రమ్ బంతి వేస్తే, మన టెండూల్కర్ క్యాచ్ పట్టాడు. భయపడకండి, మేమున్నాం అని పొరుగువాళ్లకు చెప్పిన ఆట అది. కాని అది ఒక్క రోజు ఆట. అక్కడ పతకం లేదు.

పతకం ఉన్నచోట ఏమవుతుందో చూడండి. 1991 చివర సోవియట్ యూనియన్ విడిపోయింది. మరుసటి ఏడు బార్సిలోనా ఒలింపిక్స్‌కు అందులోంచి వచ్చిన 12 దేశాలు ఒకే జట్టుగా వచ్చాయి. ఆ జట్టు అమ్మాయిలు జిమ్నాస్టిక్స్‌లో బంగారు పతకం గెలిచారు. తర్వాత ఎవరికి వారు పోటీపడే ఆట వచ్చింది. జట్టుకు ముగ్గురికే చోటు. మొదటి ముగ్గురిలో ఉజ్బెకిస్తాన్ అమ్మాయి రోజా గలియేవా ఉంది. ఉక్రెయిన్ అమ్మాయి తతియానా గుట్సు దూలం మీద నుంచి పడి నాలుగో స్థానంలో ఆగింది. కోచ్‌లు ఏం చేశారు? రోజా మోకాలికి దెబ్బ తగిలిందని చెప్పి ఆమెను తప్పించారు. గుట్సును దింపారు. గుట్సు బంగారం గెలిచింది.

గుట్సు గొప్ప ఆటగత్తే, కాదనను. కాని ఉజ్బెకిస్తాన్‌కు సొంత జట్టు ఉంటే రోజా చోటు రోజాకే ఉండేది. ఉమ్మడి కుటుంబంలో చిన్న కోడలి సంగతి మనకు ఒకరు చెప్పాలా?

అందుకే పెద్ద పోటీలకు ఉమ్మడి జట్టు వద్దనే నేనంటాను. ఇప్పటి ఒలింపిక్స్ నియమం కూడా ఏ దేశం జట్టు ఆ దేశమే పంపాలని. కలిసి నేర్చుకోవడం వేరు. దీపా ఊరు అగర్తలా బంగ్లాదేశ్ సరిహద్దు పక్కనే ఉంది. అటు పిల్లలు, ఇటు పిల్లలు ఒకే కోచ్ దగ్గర నేర్చుకుంటే ఎవరికి నష్టం?

2018లో అర్జెంటీనాలో యువ ఒలింపిక్స్ జరిగాయి. అక్కడ వేరు వేరు దేశాల పిల్లల్ని కలిపి జిమ్నాస్టిక్స్ జట్లు కట్టారు. వాళ్లంతా ముందే సొంత దేశం తరఫున చోటు సంపాదించుకుని వచ్చినవాళ్లు. జట్లు కలిపినందుకు ఏ పిల్ల చోటూ పోలేదు.