జ్వరం పోయింది, నెత్తురు పోతోంది

పెద్దమందడి: టైఫాయిడుకు ఒకప్పుడు పల్లెపల్లెనా ఇచ్చిన మందు క్లోరంఫెనికాల్. వెనెజువెలా మట్టిలోని సూక్ష్మజీవి నుంచి 1947లో తీసిన ఈ మందు ఎందరినో బతికించింది, కాదనలేం. కానీ కొద్ది ఏళ్ళకే, 1950 దశకం మొదట్లో, మరో సంగతి బయటపడింది. అరుదుగా కొందరిలో ఇది ఎముకల్లోని మూలుగను ఎండగడుతుంది.

మూలుగ బొక్క రుచి మన పిల్లలకు కొత్తకాదు. మనిషి ఎముకల్లో నెత్తురు పుట్టేది ఆ మూలుగలోనే. అది చచ్చుబడితే ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ తగ్గిపోతాయి. బిడ్డ పాలిపోతుంది. దెబ్బ తగలకుండానే ఒంటిమీద నీలి మచ్చలు, చిగుళ్ళ నుంచి నెత్తురు, విడవని జ్వరం.

సుమారు 25 వేల నుంచి 40 వేల మందిలో ఒకరికి ఇలా జరుగుతుందని అంచనా. ఆ ఒక్కరెవరో ముందుగా చెప్పే పరీక్ష లేదు. మందు ఎక్కువై వచ్చే మూలుగ నీరసం వేరు. అది మందు ఆపితే తగ్గుతుంది. ఇది మాత్రం మందు మానేసిన వారాలకు, నెలలకు కూడా వస్తుంది. అప్పటికి ఆ గోలీల సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. నెత్తురు తక్కువైందని టానిక్కు తాగిస్తారు. పుట్టేచోటే చెడ్డాక టానిక్కు ఏం చేస్తుంది?

టైఫాయిడుకు ఇప్పుడు వేరే మందులున్నాయి. అయితే మూర్ఛకు వాడే కార్బమజెపిన్ వంటి వాటితోనూ అరుదుగా ఈ ముప్పుంది. డాక్టరును అడగకుండా వాటిని ఆపడం కూడా ప్రమాదమే. బిడ్డ మింగిన మందుల చీటీ, ఖాళీ అట్ట దాచి చూపిస్తే డాక్టరుకు సగం దారి దొరికినట్టే. మామూలు రక్తపరీక్షలోనే అనుమానం తేలుతుంది. మూలుగ తీసి చూసే పరీక్ష పెద్దాసుపత్రిలో చేస్తారు.

నెత్తురు ఎక్కించడం తాత్కాలికమే. జబ్బు ముదిరితే మూలుగ మార్పిడి చేయాలి. సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళలో ఒక్కొక్కరి మూలుగ పూర్తిగా సరిపడే అవకాశం నాలుగింట ఒకటి.